మన్నారు సింధుశాఖయు మధుర నాయకులును

మహాసముద్రముల యంచులయందు దీవులచేతను ద్వీపకల్పములచేతను సగము మూయబడియుండు జలభాగములు పెక్కు కలవు. జపాను సముద్రము, దక్షిణ చైనా సముద్రము, అండమాను సముద్రము ఇట్టివి. వీనికంటె చిన్నవైనను, భారతదేశమునకును సింహళమునకును నడుమనున్న మన్నారు సింధుశాఖయు పాక్ అఖాతమును ఆ లక్షణము కలవియే. నరికుడి, విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతముల తెలుగువారి చరిత్రతో ఈ జలములకు గల సంబంధమును చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఈ రెండింటిని వేఱుచేయునది రామసేతువు. రామేశ్వర ద్వీపము మొదలు మన్నారు ద్వీపము వఱకు సుమారు 48 కిలోమీటర్లు ఇసుకతిన్నెలు వ్యాపించియున్నవి. ఉత్తరమున అఖాతము లోతు తక్కువ. దక్షిణమున సింధుశాఖ లోతు కొన్నిచోట్ల వేయి మీటర్లను మించును. చిన్న పడవలకు దారి కలదు. పెద్దయోడలు సింహళమును చుట్టిపోవలసినదే. సింధుశాఖ తీరమున, లోతు తక్కువగల రాతి మిట్టలపై ముత్యపుచిప్పలు పెరిగెడివి. కొర్కై ముత్యముల కీర్తి క్రీ. శ. 1వ శతాబ్దము నాటికే గ్రీకు నావికుల కెఱుకయే.

సుమారు 1529లో విశ్వనాథ నాయకుడు మధురయందు రాజ్యము స్థాపించెను. నాయకుల కాలమున పెక్కు తెలుగు కుటుంబములు ఇచటి నల్లరేగడి నేలలలో స్థిరపడినవి. కాని తీరమున పోర్చుగీసువారు బలపడుచుండిరి. 1535–37 నడుమ ముత్యములు తీయు పరవలు క్రైస్తవమతము స్వీకరించి వారి రక్షణ పొందిరి. 1538లో వేదాళై యొద్ద పోర్చుగీసు నౌకలు కల్లికోట నౌకాబలము నోడించెను. తిరుమల నాయకుడంతటివాడు సేతుపతిపై యుద్ధమున పోర్చుగీసువారి నౌకాసహాయము కోరవలసివచ్చెను. 1658లో తూత్తుకుడి డచ్చివారి వశమయ్యెను. నాయకులకు ముత్యముల వేటలో భాగము దక్కెనేగాని సముద్రము దక్కలేదు. సగము మూసిన సముద్రమునకు ద్వారములు కొన్నియే. వానిని కొలది నౌకలతో కాచువానిదే పైచేయి. పాళెములు, కోటలు, సేనలు గల రాజ్యమునకు ఆ కొలది నౌకలే కొఱవడినవి.

మన జ్ఞాపకములన్నియు నేలకు సంబంధించినవి. ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ తమ గోపల్ల గ్రామమను తమిళ నవలయందు చెప్పినదియు దక్షిణమునకు నడచివచ్చిన తెలుగువారి కథయే. ముత్యపుచిప్పలు క్షీణించినవి, 1986లో సింధుశాఖలోని 21 దీవుల ప్రాంతము జాతీయోద్యానమైనది. ఆనాటి లెక్కలు మాత్రము లిస్బను, గోవా, హేగు నగరముల భాండాగారములలో నిలిచియున్నవి. తామ్రశాసనములతోపాటు వానినిగూడ మనవారు చదివి తెలుగు చేసిననాడే మధుర తెలుగువారి చరిత్ర సమగ్రమగును.