అమరిక చెడినప్పుడు దోషి యెవరు?

బ్యాంకులో మన ఖాతా చూపు కంప్యూటరును పెట్టెనుండి తీసిన వెంటనే పనికి నియోగించుటకు వీలులేదు. మొదట దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ అను మూలవ్యవస్థను నెలకొల్పవలెను. పిమ్మట లెక్కలకు, ముద్రణకు, ఉత్తరములకు వేర్వేరు ప్రోగ్రాముల నమర్చవలెను. యంత్ర మొక్కటియే యైనచో ఒకడు దాని యెదుట గూర్చుండి, అది అడిగిన ప్రశ్నల కెల్ల బదులు చెప్పుచు పని ముగింపవచ్చును. వేయి యంత్రములున్నచో నేమి చేయవలెను?

ఈ చిక్కునకు మొదట ప్రసిద్ధికెక్కిన యుపాయము నకలు తీయుట. న్యూజిలాండులోని ఆక్లండు నగరమున మర్రే హజార్డ్ అను నతడు 1995 ప్రాంతమున ఘోస్ట్ అను ప్రోగ్రామును రచించెను. సిద్ధపఱచిన యొక యంత్రపు డిస్కును ఉన్నదున్నట్లుగ ఇతర యంత్రములలోని కెక్కించుట దాని పని. 1998లో సిమాంటెక్ సంస్థ దానిని గొనెను. పని వేగముగనే సాగెను గాని, ప్రోగ్రాములలో నొక్కటి మాఱినను నకలంతయు మరల సిద్ధము చేయవలసివచ్చెడిది. అందువలన మూలవ్యవస్థను వేఱుగను, ప్రోగ్రాములను దాని వెనుక నొక్కొక్కటిగను ఎక్కించు పద్ధతి ప్రబలెను. మైక్రోసాఫ్టువారి కాన్ఫిగరేషన్ మేనేజర్ 2007లో ఈ వరుసకు టాస్క్ సీక్వెన్స్ అని పేరు. రాత్రి గదికి తాళము వేసి పోవచ్చును. తెల్లవారుసరికి యంత్రములు సిద్ధముగ నుండవలెను. చిక్కులన్నియు ఆ తాళము వెనుకనే పుట్టినవి.

2014 ఏప్రిల్ 8వ తేదీతో విండోస్ ఎక్స్‌పీకి సామాన్యముగ నిచ్చు రక్షణ సవరణలు నిలిచిపోయెను. ఆ గడువునకు ముందు లెక్కలేనన్ని కార్యాలయములు తమ యంత్రములను విండోస్ 7నకు మార్చుకొనవలసివచ్చెను. నేనును ఒకచోట ఆ పనిలో నుంటిని. ఒకనాటి ఉదయమున చూడగా చాల యంత్రములలో ముద్రణ ప్రోగ్రాము లేదు. రసీదుల కొఱకు వచ్చిన జనము వాకిట నిలిచియుండిరి. అందఱును ముద్రణ ప్రోగ్రామునే నిందించిరి.

లాగ్ అను చిట్టాను విప్పి చూడగా 1618 అను సంఖ్య కనబడెను. మఱియొక అమరిక జరుగుచున్నదని దాని యర్థము. 1999లో ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ ఒకే సమయమున రెండమరికలను సాగనీయదు. వరుసలో ముందున్న లెక్కల ప్రోగ్రాము తన పనిని లోపలి యనుచరునికి అప్పగించి, తాను మాత్రము పని ముగిసినదని సున్న చెప్పి వెడలిపోయెను. అనుచరుడింకను పనిలోనే యుండగా ముద్రణ ప్రోగ్రాము వచ్చి వాకిటనుండియే మరలిపోయెను. సంతలో దొంగ పాఱిపోగా ఎదుట నిలిచినవానిని పట్టుకొన్నట్లయ్యెను! లెక్కల ప్రోగ్రాముపై కవచమును విడిచి, లోని ఎంఎస్ఐ ఫైలునే నేరుగ నడుపగా చిక్కు తీఱెను. ముద్రణ ప్రోగ్రామును ఎవ్వరును ముట్టనే లేదు.

సంఖ్యలన్నియు ఇంత స్పష్టముగ పలుకవు. 3010 అనగా పని నెఱవేఱినది, యంత్రమును మరల ప్రారంభింపవలెనని మాత్రమే. దానిని అపజయముగ నెంచి మరల మరల అమర్చినవారు కలరు. 1603 అనగా ఘోరమైన దోషమని యర్థము. ఏ దోషమో చెప్పదు. నా దృష్టిలో ఇంతకంటె పనికిమాలిన సాక్షి లేడు. అప్పుడు విస్తారమైన చిట్టాను వ్రాయించి, వేలకొలది పంక్తులలో "రిటర్న్ వాల్యూ 3" అను మాటను వెదకి, దానికి పైనున్న పంక్తులను చదువవలెను. అసలు కారణము చాలతఱచుగ నచ్చటనే యుండును.

ఏ సంఖ్యయు పలుకక అమరిక ఊరక నిలిచిపోవుట అన్నిటికంటె కష్టమైనది. ఇట్టి వరుసలో ప్రోగ్రాములు సిస్టమ్ అను ఖాతా పేర నడచును. ఆ ఖాతాలో తెఱచుకొనిన కిటికీ సామాన్యముగ నెవ్వరి తెరపైనను గానరాదు. ఒప్పుకొందురా యని ప్రోగ్రాము అడుగును, వినువారు లేరు, గడువు తీఱువఱకు అట్లే కాచుకొనియుండును. అదే ప్రోగ్రామును మనిషి పగలు నడిపి చూచినచో చక్కగ అమరును, ఏలయన అతడు తెలియకయే బొత్తాము నొక్కును. సైసింటర్నల్స్ వారి పీఎస్ఎక్సెక్ అను సాధనముతో సిస్టమ్ ఖాతా పేరనే, తెరపై కనబడునట్లుగ నడిపినప్పుడు ఆ దాగిన ప్రశ్న బయటపడును.

2025 అక్టోబరు 14న విండోస్ 10నకును సామాన్య సవరణలు నిలిచెను. కార్యాలయములు మరల యంత్రములను మార్చుకొనవలసివచ్చెను. ఎక్స్‌పీ నాటి 1603, 1618, 3010 సంఖ్యలే ఆ చిట్టాలలోను కనబడుచున్నవి.