ఇహుమాతావో: నేలను పరీక్షించుట, నేలను కాపాడుట

ఇహుమాతావో ఆక్లండ్ నగరపు మాంగెరె ప్రాంతంలో, మానుకౌ హార్బరు ఒడ్డున ఉన్న పల్లె. విమానాశ్రయం దానికి చేరువలోనే ఉన్నది. పల్లె పక్కన ఓటువాటౌవా రాతిపొలాలు ఉన్నాయి. నిప్పుకొండలు చిమ్మిన నల్లరాళ్లను మావోరీ పూర్వికులు ఏరి, కుప్పలు పోసి, గట్లుగా పేర్చి, వాటి నడుమ కూమరా అనే చిలగడదుంపను పండించారు. పగటి ఎండకు కాగిన రాళ్లు రాత్రివేళ మట్టిని వెచ్చగా ఉంచేవి. ఉష్ణదేశపు దుంప ఈ చలిదేశంలో బ్రతికినది అందువలననే. ఒకనాడు ఆక్లండ్ చుట్టూ ఇటువంటి పొలాలు వేల హెక్టార్లలో ఉండేవి. క్వారీలకు, రోడ్లకు, ఇళ్లకు పోగా నేడు మిగిలినది కొద్ది. ఓటువాటౌవాలో సుమారు 100 హెక్టార్లు 2001 నుండి చారిత్రక రక్షిత స్థలంగా ఉన్నవి.

వివాదం దానిని ఆనుకొని ఉన్న 32 హెక్టార్లది. 1863లో, వైకాటో యుద్ధకాలంలో, ప్రభుత్వం ఆ భూమిని మావోరీల నుండి జప్తు చేసింది. తరువాత అది ప్రైవేటు పొలమైనది. 2014లో దానిని ప్రత్యేక గృహనిర్మాణ ప్రాంతంగా ప్రకటించారు. 2016లో ఫ్లెచర్ సంస్థ కొని, 480 ఇళ్లు కట్టదలచింది.

ఇటువంటి చోట ముందుగా జరిగేది పురావస్తు మదింపు. మదింపు అనగా విలువ కట్టుట. నేలలో ఏమున్నది, ఎంతవరకు చెడకుండా ఉన్నది అని చూస్తారు. మొదటి పని కాగితాల మీదనే: పాత పటాలు, సర్వేలు, విమానం నుండి తీసిన ఛాయాచిత్రాలు, న్యూజీలాండ్ పురావస్తు సంఘం వారి నమోదులు చదువుతారు. తరువాత నేలంతా నడచి చూస్తారు. ఆకాశం నుండి లేజరు కిరణాలతో కొలిచే లైడార్ అనే పద్ధతి గడ్డి కింద అణగిన గట్లను కూడా చూపుతుంది. సన్నని ఇనుప చువ్వను నేలలో గుచ్చి, తిని పారవేసిన గుల్లల పొరలను వెదకుతారు. అయస్కాంత పరికరాలు కూడా ఉన్నాయి, కాని నల్లరాతికే అయస్కాంత గుణం ఉన్నందున ఇటువంటి నేలలో ఆ కొలతలు తికమక పెడతాయి. గుంతలు, సన్నని కందకాలు తవ్వుట చివరి పని. దొరికిన బొగ్గును, గుల్లలను రేడియోకార్బన్ పరీక్షకు పంపి కాలం తెలుసుకుంటారు. ఒకసారి తవ్విన పొరను తిరిగి యథాతథంగా పేర్చలేము. అందుకే తవ్వకాన్ని చివరకు ఉంచుతారు.

2014 నాటి హెరిటేజ్ చట్టం ప్రకారం, 1900కు ముందటి మానవ కార్యాల ఆనవాళ్లున్న స్థలాన్ని అనుమతి లేక కదిలించరాదు. తరువాతి కాలపు స్థలాన్ని కాపాడవలెనంటే ప్రత్యేకంగా ప్రకటించవలెను. ఈ సంవత్సరం దగ్గర మేము కొంత ఆగిపోయాము. దక్షిణాది నుండి కూలీలను ఫిజీకి తీసుకొనిపోవుట 1903లో మొదలైనది. మన తాతలు బ్రతికిన కూలీ లైన్లు ఈ దేశంలో ఉండి ఉంటే, ఈ చట్టపు గీతకు అవతలనే పడేవి.

ఇహుమాతావోలో అనుమతి లభించింది. 2018లో పర్యావరణ న్యాయస్థానం కూడా దానిని నిలిపింది. పరీక్ష తప్పుగా జరిగినదని మేము అనము. పరీక్ష అడిగే ప్రశ్నే చిన్నది. గుల్లల కుప్ప ఎక్కడ, గుంత ఎక్కడ అని అది చుక్కలు పెడుతుంది. కొండ, పొలం, ఊరు, సముద్రం కలిసి ఒకే స్థలమన్న సంగతి ఆ చుక్కలలో ఇమడదు. నిరసన తెలిపినవారి వాదం ఇదే. వారి సమూహం పేరు సోల్. ఆ నేలతో సంబంధమున్న మావోరీలందరూ ఒకే మాట మీద లేరు. వారి తెగ సంస్థ ఫ్లెచర్‌తో ఒప్పందం చేసుకొన్నది. 2019 జూలైలో ఖాళీ చేయమని నోటీసు వచ్చినప్పుడు వేలమంది అక్కడికి చేరారు. 2020 డిసెంబరులో ప్రభుత్వం 2 కోట్ల 99.5 లక్షల డాలర్లకు ఆ భూమిని కొన్నది.

మన పూర్వికుల దేశంలో వేరు విధంగా జరిగింది. కృష్ణానదిపై నాగార్జునసాగర్ పూర్తి కాకముందు, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వారు. శిల్పాలు, కొన్ని కట్టడాలు కొండమీదికి చేరాయి. లోయ నీట మునిగింది. ఆనకట్ట అవసరమే, తవ్వకమూ గొప్పదే. అయినా ఇక్ష్వాకుల విజయపురి వీధులలో నడచుట ఇక ఎవరికీ సాధ్యం కాదు.

ఫిజీలోని లైన్లలో చాలావాటికి అటువంటి తవ్వకం కూడా లేదు. మదింపులో మొదటి పని కాగితాలదే గనుక, మీ ఇంట లైన్ల ఛాయాచిత్రం, సి.ఎస్.ఆర్. కంపెనీ చీటీ ఏదైనా ఉన్నట్లయితే, దాని వెనుక ఎస్టేటు పేరు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో వ్రాయండి. సిరా వద్దు, అది ముందువైపునకు ఇంకుతుంది.