ఋతువు పంట, రేవు సరుకు: ఘంటసాల ప్రాంత ఆహార చరిత్ర

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక ప్రాంతపు ఆహారం కాలక్రమంలో ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• స్థానిక పంటపైనే ఆధారపడటం, దిగుమతిపైనే ఆధారపడటం, ఈ రెండింటిలోని ప్రమాదాలను చారిత్రక ఉదాహరణలతో పోల్చగలుగుతారు.
• నేటి దిగుమతి ఆహారం పాత రేవు సరుకుకు ఏ విధంగా భిన్నమైనదో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

ఏ కాలంలో పండింది ఆ కాలంలో తినాలని పెద్దలు చెబుతుంటారు. ఈనాడు మచిలీపట్నంలో గానీ గుడివాడలో గానీ వేసవిలో పండ్ల దుకాణానికి వెళితే మామిడి పక్కనే ఆపిల్, కివీ కనిపిస్తాయి. ఈ మార్పు మంచిదా, చెడ్డదా అని తీర్పు చెప్పే ముందు చరిత్ర విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మనం స్థానికం అనుకునే ఆహారం ఎప్పటి నుంచి స్థానికం? మనం ఋతువు అనుకునేది ప్రకృతి ఇచ్చిందేనా, మనుషులు మార్చిందా? కృష్ణా డెల్టాలోని ఘంటసాల ఒకప్పుడు రేవు, ఇప్పుడు వరి పొలాల నడుమ ఉన్న ఊరు. అందుచేత ఈ ప్రశ్నలకు అది తగిన ఉదాహరణ.

6.2 రేవుగా ఘంటసాల

క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన భూగోళ రచయిత టాలెమీ, మైసోలియా ప్రాంతంలో 'కంటకొస్సిల' అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండ శాసనంలో వచ్చే 'కంటకసేల' కూడా ఇదే. ఈ రెండూ నేటి ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడ బయటపడిన బౌద్ధ స్తూప శిథిలాలు ఆనాటి వర్తక సంపదను సూచిస్తాయి.

ఆ కాలపు దిగుమతులకు ఒక హద్దు ఉండేది. ఓడలు ఋతుపవనాల గాలినిబట్టి వచ్చేవి, పోయేవి. కాబట్టి రేవు సరుకుకు కూడా ఒక ఋతువు ఉండేది. నెలల తరబడి సాగే ప్రయాణంలో చెడిపోని సరుకే ఓడ ఎక్కేది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో రోమన్ మద్యం, నూనె తెచ్చిన జాడీల ముక్కలు దొరికాయి. తరువాతి కాలంలో గోల్కొండ రాజ్యానికి రేవుగా మచిలీపట్నం ఎదిగింది. అక్కడికి డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వచ్చారు. ఇక్కడి బట్టలు తూర్పు దీవులకు వెళ్లేవి. అక్కడి నుంచి లవంగం, జాజికాయ, మిరియం వచ్చేవి. ఇవన్నీ ఎండు సరుకులు. రోజూ తినే అన్నం, పప్పు, కూర మాత్రం చుట్టుపక్కల పొలాల నుంచే వచ్చేవి.

6.3 కావ్యంలో ఋతువుల భోజనం

ఘంటసాల మండలంలోనే, కృష్ణానది ఒడ్డున శ్రీకాకుళం గ్రామం ఉంది. కళింగ దండయాత్ర సమయంలో శ్రీకృష్ణదేవరాయలు (పాలన: 1509-1529) ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు ఆలయాన్ని దర్శించాడు. స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద' పీఠికలోనే ఉంది. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అతిథులకు కాలానికి తగిన భోజనం పెడతాడు. వానాకాలంలో పొట్టు తీసిన పప్పు, వేపుళ్లు, వడియాలు, వరుగులు, పెరుగు ఉంటాయి. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని మజ్జిగ, పండ్లు వడ్డిస్తాడు. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన కూరలు, ఆవఘాటు పచ్చళ్లు, పాయసం ఉంటాయి.

ఈ వర్ణన నుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, వానాకాలంలో వడియాలు, వరుగులు తినడమంటే ఎండాకాలపు పంటను దాచుకుని తినడమే. ఋతువుకు తగిన ఆహారంలో నిల్వ కూడా ఒక భాగం. రెండవది, ఆ వంటలో కారం మిరియానిది, మిరపకాయ లేదు. మూడవది, ఇది కలిగిన ఇంటి విస్తరి. పొలంలో పనిచేసిన కూలీ ఏమి తిన్నాడో దీన్నిబట్టి చెప్పలేం.

మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి వచ్చింది. మిరియానికి బదులుగా వాడారు కనుక ఆ పేరుతోనే మిరపకాయ అయింది. గింజ మన నేలలో పడి, మన రైతు చేతికి పంటగా మారడంతో, నాలుగైదు వందల ఏళ్లలో అది తెలుగువారి గుర్తుగా నిలిచింది. జామ, బొప్పాయి కూడా ఇలా వచ్చినవే.

6.4 కరువు, కాలువ

స్థానిక పంట ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో 1832-33 కరువు చూపింది. డొక్కల కరువుగా జనం గుర్తుంచుకున్న ఈ కరువు గుంటూరు జిల్లాను ఘోరంగా దెబ్బతీసింది. మచిలీపట్నం ప్రాంతానికీ ఆ బాధ తప్పలేదు. సుమారు 5 లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా. ధాన్యం మోసే ఎడ్లకు దారిలో గడ్డి, నీళ్లు లేకపోతే ఎక్కడో ఉన్న ధాన్యం ఆకలిగొన్న ఊరికి చేరదు. కదలలేని స్థానికత ప్రాణాంతకమని ఈ కరువు తెలిపింది.

బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలు పొలాలకు నీటిని, పడవలకు దారిని ఇచ్చాయి. వరి విస్తరించింది, మెట్టపంటలు వెనక్కి తగ్గాయి. సార్వా, దాళ్వా అనే పంటకాలాలను ఇప్పుడు కాలువ నీటి విడుదల నిర్ణయిస్తోంది. అంటే డెల్టా ఋతువు కొంతవరకు మనుషులు కట్టినదే.

6.5 రంగూన్ బియ్యం నేర్పిన పాఠం

1930ల ఆర్థిక మాంద్యంలో బర్మా బియ్యం చౌకగా మద్రాసు రాష్ట్రానికి చేరి డెల్టా రైతు ధరను పడగొట్టింది. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి ఆ బియ్యాన్ని సుంకంతో అడ్డుకునే వీలు కూడా లేదు. కొనేవారికి చౌక బియ్యం మేలు చేసింది, పండించేవారిని అప్పుల్లోకి నెట్టింది. 1942లో జపాన్ రంగూన్‌ను ఆక్రమించడంతో ఆ సరఫరా ఒక్కసారిగా ఆగిపోయింది. 1943 బెంగాల్ కరువుకు ఉన్న అనేక కారణాల్లో ఇది ఒకటి. దక్షిణాదిలో కూడా బియ్యానికి రేషన్ వచ్చింది. 1833 ఒక ప్రమాదాన్ని చూపితే, 1942 దానికి ఎదురు ప్రమాదాన్ని చూపింది.

6.6 మాగాణి మినుము, నేటి దిగుమతులు

నేటి ఘంటసాల ప్రాంతంలో ఈ చర్చ మినుము చుట్టూ తిరుగుతుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న చేలోనే మినుములు వెదజల్లుతారు. మళ్లీ దుక్కి, నీరు లేకుండా, నేలలో మిగిలిన పదునుతో, చలికాలపు మంచుతో 70-80 రోజుల్లో పంట చేతికి వస్తుంది. పప్పుజాతి పంట కనుక నేలకు నత్రజని కూడా చేరుతుంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఘంటసాల పరిశోధన స్థానం ఈ మాగాణి అపరాలపై పనిచేస్తోంది. అయితే కాలువ నీరు ఆలస్యమైతే వరి కోత, దానితో మినుము విత్తడం కూడా ఆలస్యమవుతాయి. పల్లాకు తెగులు మరో బెడద. కోత యంత్రాల చక్రాల కింద మొలకలు నలిగిపోవడం కొత్త చిక్కు.

దేశ అవసరానికి ఈ పంట చాలడం లేదు. 2021లో భారత ప్రభుత్వం మయన్మార్ నుంచి ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు తెచ్చుకోవడానికి ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. అక్కడి పంట కూడా ఇంచుమించు మన పంట కాలంలోనే వస్తుంది. ఇడ్లీ పిండి ధర పెరగకూడదని కోరే పట్టణ కుటుంబానికి, గిట్టుబాటు ధర కోరే మాగాణి రైతుకు మధ్య 1930ల నాటి వైరుధ్యమే మళ్లీ కనిపిస్తుంది.

పండ్ల సంగతి వేరు. దక్షిణార్ధగోళంలో ఋతువులు మనకు తిరగబడి ఉంటాయి. చిలీ, న్యూజిలాండ్ తోటల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఆపిల్ కోస్తారు. 2001 ఏప్రిల్ 1న భారతదేశం మిగిలిన 715 వస్తువులపై దిగుమతి పరిమాణ ఆంక్షలను ఎత్తివేసింది. శీతల కంటైనర్లు పాత ఓడల హద్దును చెరిపేశాయి. చెడిపోయే సరుకు కూడా ఇప్పుడు సముద్రం దాటుతుంది. అయితే మిరపలాగా ఈ పండు మన డెల్టా పొలంలోకి రాదు, దుకాణం వరకే వస్తుంది. జబ్బుపడినవారిని చూడటానికి వెళ్లేటప్పుడు జామకాయల కంటే ఆపిల్ పట్టుకెళ్లడం గౌరవమని భావిస్తారు. కాని 100 గ్రాముల జామలో విటమిన్-సి సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటే, ఆపిల్‌లో 5 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. దూరం నుంచి రావడం వల్ల విలువ పెరిగింది, పోషణ కాదు.

6.7 సారాంశం

ఘంటసాల చరిత్రలో పరాయి ఆహారం రాని కాలం దాదాపు లేదు. ఓడ సరుకు కూడా ఒకప్పుడు గాలికి, కాలానికి లోబడి ఉండేది. మిరప వంటి పంట మన నేలలో, మన ఋతువులో కుదురుకుని మనదైంది. 1833 కరువు రవాణా, నిల్వ అవసరాన్ని, 1942 సొంత పంటను నిలుపుకోవలసిన అవసరాన్ని తెలిపాయి. కాబట్టి దిగుమతిని చూసేటప్పుడు అది మన పొలానికి కొత్త పంటను ఇస్తోందా, లోటు తీరుస్తోందా, ఉన్న పంటను తోసేస్తోందా అని వేరు చేసి చూడాలి. పెరట్లో జామ పండిన రోజుల్లో దూరదేశపు పండు కొనడం మూడో కోవకు వస్తుంది. కరువు ఏట తెచ్చుకునే పప్పు రెండో కోవకు వస్తుంది.

6.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రాచీన రేవు సరుకుకు, నేటి దిగుమతి పండ్లకు గల తేడాలు రాయండి.
2. 'డెల్టా ఋతువు కొంతవరకు మనుషులు కట్టినదే.' చర్చించండి.
3. మీ ఇంట్లో ఈ వారం వండిన ఐదు పదార్థాలను తీసుకొని, అవి ఎక్కడ పండాయో, ఏ కాలపు పంటో ఇంట్లోని పెద్దలను, దుకాణదారుని అడిగి పట్టిక తయారుచేయండి.