ఖాళీ గడి, సున్నా: ద్విపరిమాణ శ్రేణిలోకి సంఖ్యల పఠనం – ఒక చారిత్రక పరిశీలన

ఫైలుకు అడ్డూ నిలువూ తెలియవు. అందులో ఉన్నది ఒకదాని వెంట ఒకటి వచ్చే అక్షరాల వరుస. కంప్యూటరు స్మృతి కూడా ఒకే వరుసలో అమరిన అరల సముదాయం. ఈ రెండింటి నడుమ పట్టిక అనే రూపాన్ని నిలబెట్టవలసింది ప్రోగ్రామింగు భాష. తొలి భాషలు ఆ పనిని నిర్వహించిన తీరులోనే, నేటికీ ఎదురయ్యే కొన్ని దోషాల మూలాలున్నాయి.

జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం రూపొందించిన ఫోర్ట్రాన్ 1957లో వెలువడింది. దత్తాంశం పంచ్ కార్డుల మీద వచ్చేది. 1928 నాటి ఐబీఎం కార్డుకు 80 నిలువులు. (704 కార్డు రీడరు వాటిలో 72 మాత్రమే చదివేది, ఫోర్ట్రాన్ పంక్తి 72వ నిలువుతో ముగియడానికి కారణం ఇదే.) సంఖ్యల మధ్య కామా గాని, ఖాళీ గాని అక్కరలేదు. ఏ సంఖ్య ఏ నిలువు నుంచి ఏ నిలువు దాకా ఉందో ఫార్మాట్ వాక్యం చెప్పేది. దశాంశ బిందువును సైతం పంచ్ చేయనక్కరలేదు; దాని స్థానమూ ఫార్మాట్‌లోనే ఉండేది. పొదుపైన పద్ధతే.

అయితే 1966 ప్రమాణం ప్రకారం, అంకెలకు ముందున్నవి తప్ప మిగిలిన ఖాళీలన్నీ సున్నాలే. గడి కుడి అంచుకు ఒక నిలువు ముందే ముగిసిన 125ను యంత్రం 1250గా చదివేది. పూర్తిగా ఖాళీగా వదిలిన గడి సున్నా అయ్యేది. అంటే వర్షపాత పట్టికలో 'వాన పడలేదు', 'ఆ రోజు కొలవలేదు' అనే రెండు భిన్న విషయాలు ఒకటైపోతాయి. నా దృష్టిలో ఈ పద్ధతి చేసిన అతి పెద్ద హాని ఇదే. 1978లో ప్రచురితమైన ఫోర్ట్రాన్ 77 ప్రమాణం ఖాళీలను విస్మరించే వీలు కల్పించినా, పూర్తిగా ఖాళీ అయిన గడిని మాత్రం సున్నాగానే ఉంచింది. లేని కొలతకు –999 వంటి అసంభవ విలువను రాసే ఆచారం ఎంత అవసరమో దీనివల్ల బోధపడుతుంది.

రెండవ చిక్కు క్రమానికి సంబంధించినది. ఫోర్ట్రాన్ శ్రేణిని నిలువువరుసల వారీగా నిల్వ చేస్తుంది. చదివే వాక్యంలో శ్రేణి పేరు మాత్రమే రాస్తే, సంఖ్యలు మొదటి నిలువువరుసను నింపాకే రెండవదానికి పోతాయి. పట్టికను అడ్డువరుసల క్రమంలో పంచ్ చేసి ఉంటే, చతురస్ర మాత్రిక అడ్డూ నిలువూ తారుమారై స్మృతిలోకి చేరుతుంది. యంత్రం ఏ ఫిర్యాదూ చేయదు. సూచికల క్రమాన్ని వాక్యంలోనే స్పష్టంగా రాయడం దీనికి నివారణ. మన దేశంలో 1963లో కాన్పూరు ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చిన తరువాత అక్కడి విద్యార్థులు ఫోర్ట్రాన్ నేర్చుకున్నది ఇటువంటి నియమాలతోనే.

1970ల ఆరంభంలో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాష శ్రేణిని అడ్డువరుసల వారీగా నిల్వ చేస్తుంది. దాని స్కాన్‌ఎఫ్ ప్రమేయం సంఖ్యలను చదివేటప్పుడు ఖాళీనీ పంక్తి ముగింపునూ ఒకే విధంగా దాటిపోతుంది. నిలువుల లెక్క తప్పింది గాని, ఒక పంక్తిలో ఒక సంఖ్య లోపిస్తే తరువాతి పంక్తిలోని మొదటి సంఖ్య ఆ స్థానంలోకి జరుగుతుంది. అక్కడి నుంచి పట్టిక అంతా ఒక్కో గడి చొప్పున పక్కకు తప్పుతుంది. వరుసకొక కార్డు చొప్పున చదివిన కాలంలో అటువంటి పొరపాటు ఆ కార్డుతోనే ఆగేది. అందుకే ముందు పంక్తిని మొత్తంగా చదివి, ఆపైన సంఖ్యలుగా విడగొట్టి, లెక్క సరిచూసే పద్ధతి సీ ప్రోగ్రాములలో వాడుకలోకి వచ్చింది.