కొకెయిన్: ఒక సంకేతం వెనుక చరిత్ర

ఎఫ్ 14.181. చూడగానే లారీ నంబరులా ఉంది కదూ? ఇది అమెరికా ఆసుపత్రుల్లో 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఒక రోగ సంకేతం. విడదీసి చదవండి. ‘ఎఫ్’ అంటే మానసిక, ప్రవర్తనా రుగ్మతల విభాగం. 14 అంటే కొకెయిన్. చుక్క తరువాతి 1 దుర్వినియోగాన్ని, చివరి 81 దానివల్ల కలిగిన లైంగిక సమస్యను తెలుపుతాయి. వాడకం వ్యసనంగా ముదిరితే సంకేతం 14.281 అవుతుంది. కారణాన్నీ ఫలితాన్నీ ఇలా ఒకే వరుసలో రాయడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది.

కోకా ఆకుల నుంచి కొకెయిన్‌ను వేరుచేసిన వివరాలను జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ నీమన్ 1860లో ప్రకటించాడు. 1884లో వియన్నా యువవైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ దాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. అది కామోద్దీపన కలిగిస్తుందని కూడా అందులో పేర్కొన్నాడు. అదే ఏడాది కార్ల్ కోలర్ దాన్ని కంటికి నొప్పి తెలియకుండా చేసే మందుగా వాడి చూపాడు. ముక్కు, గొంతు శస్త్రచికిత్సల్లో మరో గుణం అక్కరకు వచ్చింది. కొకెయిన్ రక్తనాళాలను కుంచింపజేసి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది.

ఫ్రాయిడ్ మాటకు జవాబు ఈ గుణంలోనే ఉంది. అంగం గట్టిపడాలంటే రక్తనాళాలు విప్పారాలి. కొకెయిన్ వాటిని బిగిస్తుంది. మెదడులో విడుదలైన డోపమైన్‌ను నాడీకణాలు తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది కనుక మొదట్లో కోరిక పెరిగినట్లనిపిస్తుంది. వాడేకొద్దీ స్త్రీపురుషులిద్దరిలోనూ కోరిక, తృప్తి సన్నగిల్లవచ్చు.

మరి ఈ బాధ లెక్కల్లోకి ఎందుకు రాలేదు? 1893లో జాక్ బెర్టిలాన్ రూపొందించిన అంతర్జాతీయ జాబితాలో ఉన్నవి మరణ కారణాలే. ప్రాణం తీయని జబ్బుకు అందులో చోటు లేదు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరో సవరణతో జబ్బులనూ చేర్చింది. 1990లో ఆమోదం పొందిన పదో సవరణలో కొకెయిన్‌ది ఒక గది, లైంగిక సమస్యలది మరో గది. 1994లో అమెరికా మనోవైద్యుల సంఘం తన గ్రంథంలో మాదకద్రవ్యాల వల్ల కలిగే లైంగిక సమస్యను ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన పదకొండో సవరణ లైంగిక సమస్యలను మానసిక రోగాల నుంచి తీసి, లైంగిక ఆరోగ్యం అనే అధ్యాయంలో పెట్టింది. కారణం మాదకద్రవ్యమో, మందో అయితే తెలపడానికి హెచ్‌ఏ 40.2 అనే అదనపు సంకేతమిచ్చింది.

ఇదంతా గుమాస్తాల పని అనుకోకండి. కారణం నమోదు కాకపోతే రోగికి మాత్ర దొరుకుతుంది, వ్యసనానికి వైద్యం దొరకదు. సమస్య కొకెయిన్‌కు ముందే ఉందా, తరువాత వచ్చిందా అని వైద్యుడు ముందుగా అడుగుతాడు. మధుమేహం, రక్తపోటు, మానసిక కుంగుబాటు, వాడుతున్న ఇతర మందులు కూడా చూస్తాడు. కొకెయిన్ వ్యసనాన్ని మాన్పే మాత్రగా ఆమోదం పొందినది ఇంతవరకు ఏదీ లేదు. సలహా చికిత్స, మానివేసినందుకు చిన్న బహుమతులిచ్చే పద్ధతి ఉపకరిస్తాయి. వైద్యుడికి చెప్పకుండా కొకెయిన్‌తోపాటు సిల్డెనాఫిల్ మాత్రలు మింగడం గుండెకు ప్రమాదం. ఛాతీనొప్పి వచ్చి నైట్రేట్ మందు ఇస్తే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చు.

అందుకే వైద్యుడు అడిగినప్పుడు సిగ్గుపడి దాచకూడదు. రోగి నోరు విప్పితేనే ఆ అంకెలకు అర్థం.