సంచి మీద ఎవరి పేరు?

పోయిన ఆదివారం బీరువా సర్దుతుంటే మావారి కంపెనీ టీషర్టులు తొమ్మిది బయటపడ్డాయి. ఒకటి వార్షికోత్సవానిది, ఒకటి పరుగు పందెంది, ఇంకొకటి ఏదో ప్రాజెక్టు పూర్తయినప్పటిది. అన్నిటికీ ఎడమ వైపు ఛాతీ మీద కంపెనీ పేరు దారంతో కుట్టి ఉంది. వాటి అడుగున మా అమ్మ కుట్టిన దిండు గలీబు. దాని మీద ఒక గులాబీ, కింద గొలుసు కుట్టుతో ‘స్వీట్ డ్రీమ్స్’. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది! టీషర్టుల్లో నాలుగింటిని ఇల్లు తుడవడానికి తీసి పక్కన పడేశాను. గలీబును మాత్రం మళ్లీ మడిచి భద్రంగా లోపల పెట్టాను. రెండూ దారంతో కుట్టినవే కదా, మరి నా చెయ్యి ఎందుకు తేడా చూపించింది?

ఈ ఆలోచన ఊరికే రాలేదు. మేముండేది గండిమైసమ్మ చౌరస్తాకు దగ్గర్లో. మా పై అంతస్తులో ఉండే అక్క జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ఈమధ్య ఆమెకు ఒక కంపెనీ ఆర్డర్ వచ్చింది. వాళ్ల సమావేశానికి వచ్చే 150 మందికి గుడ్డ సంచులు ఇవ్వాలట. ఒక వైపు కంపెనీ గుర్తు, రెండో వైపు సంచి తీసుకునేవాళ్ల పేరు, అంతా చేతికుట్టే కావాలన్నారు. అక్క ధర చెప్పగానే అవతలి మనిషి, “ఇంట్లో ఖాళీగా ఉండి చేసేదే కదా మేడమ్, సగానికి చెయ్యండి” అన్నాడట. అక్క ముఖం చిన్నబోయింది. కిందికి దిగొచ్చి నా దగ్గర కూర్చుంది.

బట్ట పెట్టడం మనకు కొత్త కాదు. ఒడిబియ్యం పోసినా, పేరంటానికి పిలిచినా, చేతిలో ఒక జాకెట్ ముక్క పెట్టకుండా పంపం. ఆ ముక్క ఒక్కోసారి నాలుగిళ్లు తిరిగి మళ్లీ మనింటికే వస్తుంది. వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు, దాని మీద ఎవరి పేరూ ఉండదు కాబట్టి. ఇచ్చినవాళ్ల పేరు వేసి ఇచ్చే బట్ట సంగతి వేరు. అది పేరంటాల్లో కాదు, దర్బారుల్లో పెరిగింది.

అరబ్ ఖలీఫాల కాలంలో ‘తిరాజ్’ అనే బట్ట ఉండేది. చేతి మీద పట్టీలాగా ఖలీఫా పేరును నేసేవారు, లేదా దారంతో కుట్టేవారు. తొడుక్కున్న మనిషి ఎవరి కొలువులో ఉన్నాడో చూడగానే తెలియాలి. రాజు గౌరవంగా ఇచ్చే దుస్తులను ‘ఖిలత్’ అన్నారు. ఆ మర్యాద ఢిల్లీకీ వచ్చింది. 1323లో ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖాన్‌ను స్కూల్లో చదువుకున్నాం కదా, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కింది ఆయనే. ఆ సుల్తాను ఏటా 2 లక్షల జతల దుస్తులు పంచేవాడని, వసంతంలో లక్ష, శరత్తులో లక్ష అని ఆ కాలపు అరబ్ రచయిత అల్ ఉమరీ రాశాడు. ఆయన ఢిల్లీ చూడలేదు, ప్రయాణికులు చెప్పింది విని రాశాడు కాబట్టి లెక్క కొంచెం ఉబ్బి ఉండొచ్చు. అయినా ఊహించుకోండి, ఇప్పటి కంపెనీలు ఏం పంచుతున్నాయి ఆ ముందు! మొఘలుల దగ్గరా, మన నిజాముల దగ్గరా కూడా ఖిలత్ ఇవ్వడం సాగింది. జర్దోజీ పనివాళ్లు బట్టను బిగించి కుట్టే చెక్క చట్రం పేరు కార్చోబ్. దాన్నే మనం మగ్గం అంటున్నాం.

తర్వాత యంత్రాలు వచ్చాయి. 1828లో ఫ్రాన్సులో జోషువా హైల్‌మన్ ఒకేసారి చాలా సూదులతో కుట్టే యంత్రం తయారుచేశాడు. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి షిఫ్లీ యంత్రం కనిపెట్టాడు. 1933లో టెన్నిస్ ఆటగాడు రెనె లాకోస్ట్ చొక్కాల ఛాతీ మీద మొసలి బొమ్మ కుట్టించి అమ్మకానికి పెట్టాడు. మావారి తొమ్మిది టీషర్టులకూ తాత ఆ చొక్కానే. ఇప్పుడు కంపెనీ గుర్తును కంప్యూటర్లో కుట్లుగా మార్చి ఇస్తే, వరసగా ఉన్న మిషన్ తలలన్నీ ఒకేసారి కుట్టేస్తాయి. అక్కడ ధర కుట్ల లెక్కన. వేల కుట్లయితే వేల లెక్క. మిషన్‌ను మాత్రం ‘ఖాళీగానే ఉంది కదా’ అని ఎవరూ అడగరు!

మా చౌరస్తా మీదుగా పోయేది నర్సాపూర్ రోడ్డు, మెదక్ వైపు. అక్క మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం ఇంకో నరసాపురం, పశ్చిమ గోదావరిది. 19వ శతాబ్దంలో మిషనరీలు అక్కడి ఆడవాళ్లకు క్రోషియా లేసు అల్లిక నేర్పారు. అది విదేశాలకు ఎగుమతయ్యే పెద్ద వ్యాపారమైంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అక్కడ తిరిగి, వాళ్లతో మాట్లాడి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చింది. ఇంటి పనంతా చేసుకుని, రోజుకు గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్లకు కూలి ఎందుకంత తక్కువ? వాళ్లను పనివాళ్లుగా కాక, ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే అని ఆమె తేల్చింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ‘ఖాళీగా’ అనే మాట ఇంకా పోలేదు. మా మెట్ల మీదుగా కిందికి దిగొచ్చింది చూశారుగా.

ఇద్దరం పాలవాడి లెక్క రాసే నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాం. ఒక గుర్తు కుట్టడానికి గంట, ఒక పేరుకు అరగంట. మొత్తం 225 గంటలు. రోజుకు అయిదు గంటలు కూర్చున్నా 45 రోజులు. వాళ్లిచ్చిన గడువు 20 రోజులు! గుర్తు మిషన్ మీద వేయించి, పేర్లు మాత్రం చేత్తో కుడితే 75 గంటలు, అంటే 15 రోజులు. ఆ కాగితాన్నే ఫోటో తీసి పంపింది అక్క. గంటకు ఇంత అని రాసింది, ఒక్క రూపాయి తగ్గించలేదు.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు 60 సంచులకు ఒప్పుకున్నారు. మిగతా 90 వేరేచోట ఇచ్చుకున్నారు. నష్టమేనా అని అడిగితే, “సగం ధరకు 150 కుట్టడం కంటే నయం, నిద్రన్నా పోతా” అంది.

సంచులు పంపే ముందు రోజు రాత్రి చూడ్డానికి పైకి వెళ్లాను. ఒక వైపు ఇచ్చినవాళ్ల పేరు, ఒక వైపు తీసుకునేవాళ్ల పేరు. అప్పుడు మా అమ్మ గలీబు గుర్తొచ్చింది. దాని మీద అమ్మ పేరు ఎక్కడా లేదు. “నీ పేరేదీ అక్కా?” అన్నాను. నవ్వి ఊరుకుంది. పొద్దున చూస్తే, ప్రతి సంచి లోపలి మడతలో ఒక చిన్న గొలుసు కుట్టు అక్షరం ఉంది.

మీ అమ్మ కుట్టిన గలీబు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. అమ్మ ఉంటే, అది కుట్టడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి.