పేగు తంతి నుంచి నైలాన్ వరకు: గిటార్ తీగ మన్నిక చరిత్ర

ప్రవేశిక

చరిత్ర అనగానే రాజ్యాలు, యుద్ధాలు, ఒప్పందాలు మనకు గుర్తుకు వస్తాయి. నిత్యం వాడే వస్తువులకు కూడా చరిత్ర ఉంటుంది. గిటార్ తీగ ఎందుకు తెగుతుంది, అది ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలి అనే ప్రశ్న వాద్యకారులకు శతాబ్దాలుగా ఉన్నదే. దీనికి దొరికిన సమాధానాలలో కొన్ని వాద్యకారుల అనుభవం నుంచి వచ్చాయి. పెద్ద మార్పులకు మాత్రం సంగీతంతో సంబంధం లేని రంగాలు కారణమయ్యాయి. ఈ క్రమాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

1. పేగు తంతుల కాలం

ఐరోపాలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు గిటార్‌కు ఎక్కువగా గొర్రె పేగుతో చేసిన తంతులను కట్టేవారు. మంద్ర తంతుల కోసం పట్టు పోగులపై సన్నని లోహపు తీగ చుట్టే పద్ధతి తరవాత వచ్చింది. పేగును కడిగి, క్షారజలంలో నానబెట్టి, గీకి, పురిపెట్టి, ఆరబెట్టి, నునుపు చేసేవారు. ఈ తంతి చెమ్మ తగిలితే ఉబ్బేది. మరీ ఎండితే పెళుసుబారేది. వేళ్ల ఒరిపిడికి పోగులు లేచి తెగిపోయేది. అన్నిటికన్నా సన్నని మొదటి తంతి ముందుగా తెగేది.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల గాయకుడు థామస్ మేస్ 1676లో ప్రచురించిన గ్రంథంలో, గిటార్‌కు దగ్గరి బంధువైన లూట్ తంతులను నూనె కాగితంలో చుట్టి, చెమ్మ లేని చోట దాచాలని సలహా ఇచ్చాడు. వాద్యాన్ని పగటిపూట పరుపుపై దుప్పట్ల మధ్య ఉంచమని కూడా చెప్పాడు. ఇంగ్లండు తేమ వాతావరణాన్ని గుర్తుంచుకుంటే ఈ సలహా వింతగా తోచదు.

2. తీగ తెగడంలోని సూత్రం

1636లో ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ తీగ శ్రుతి దాని పొడవు, బిగువు, బరువులపై ఆధారపడుతుందని వివరించాడు. దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. లావు తీగ ఎక్కువ బిగువును తట్టుకుంటుంది. కాని దాని బరువు కూడా ఎక్కువ కనుక, అదే శ్రుతి పలకడానికి ఎక్కువ బిగించాలి. అందువల్ల ఒకే పదార్థంతో చేసిన, ఒకే పొడవు గల తీగ సన్ననిదైనా లావైనా దాదాపు ఒకే శ్రుతి వద్ద తెగుతుంది. లావు పెంచితే అరుగుదలను కొంత తట్టుకోవచ్చు. శ్రుతి హద్దును దాటాలంటే పదార్థాన్నే మార్చాలి.

3. యుద్ధం, కుట్టుదారం, నైలాన్

శస్త్రచికిత్సలో గాయాలను కుట్టే దారాన్ని కూడా పేగుతోనే చేసేవారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల చికిత్సకు ఆ దారం అవసరం పెరగడంతో వాద్యకారులకు పేగు తంతులు కరువయ్యాయి. మరోవైపు అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కారొథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. 1940లో అది మేజోళ్లుగా మార్కెట్‌లోకి వచ్చింది. యుద్ధకాలంలో పారాచూట్లకు, తాళ్లకు మళ్లింది. న్యూయార్క్‌లోని వాద్యనిర్మాత ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో గిటార్ తీగలు తయారుచేశాడు. స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వాటిని స్వీకరించాడు. 1940ల చివరి నుంచి అవి శాస్త్రీయ గిటార్‌లో పేగు తంతుల స్థానాన్ని ఆక్రమించాయి.

4. ఉక్కు తీగలు

అమెరికాలో పెద్ద ధ్వని కోరిన వాద్యకారులు ఉక్కు తీగల వైపు మళ్లారు. మార్టిన్ సంస్థ 1920లలో తన గిటార్లను ఉక్కు తీగలకు తగినట్లు రూపొందించసాగింది. ఉక్కు తీగల బిగువు చాలా ఎక్కువ. పేగు తంతులకోసం చేసిన గిటార్‌కు వీటిని కడితే గుర్రం ఊడవచ్చు, పైచెక్క ఉబ్బవచ్చు. అంటే తీగ బలం పెరిగినకొద్దీ భారం చెక్కపై పడింది. పైగా ఉక్కుకు తుప్పు అనే కొత్త శత్రువు తోడయింది. 1990లలో వచ్చిన పలుచని ప్లాస్టిక్ పూత గల తీగలు చెమట, మురికి చుట్ల మధ్య చేరకుండా అడ్డుకున్నాయి.

5. నేటి ఆచరణ

పదార్థం మారినా జాగ్రత్తల వెనుక ఉన్న కారణాలు మారలేదు. వాయించే ముందు చేతులు కడుక్కోవాలి. తరవాత పొడిగుడ్డతో తీగలను తుడవాలి. తీగ ఎప్పుడూ ఒకేచోట తెగుతుంటే లోపం తీగలో కాక ఆ చోట ఉందని అనుమానించాలి. గుర్రం దగ్గర, బిరడ దగ్గర, మెడ చివరి గాడి దగ్గర పదునైన అంచు ఉంటే నునుపు చేయించాలి. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది. నిర్ణీత శ్రుతిని మించి బిగించకూడదు.

సారాంశం

తీగ మన్నిక కథ ఒక ఆవిష్కర్త ప్రతిభతో ముగిసేది కాదు. అందులో కబేళా, ఆసుపత్రి, మేజోళ్ల కర్మాగారం, వాద్యశాల కలిసి ఉన్నాయి. నైలాన్ 1935లోనే ఉన్నా, తంతుల కొరత వచ్చాకే అది గిటార్‌ను చేరింది. వస్తుచరిత్రను చదివేటప్పుడు "ఎవరు కనుగొన్నారు?" అనే ప్రశ్నతో పాటు "అప్పుడే ఎందుకు అవసరమైంది?" అని కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లావు తీగ కట్టినంత మాత్రాన శ్రుతి హద్దు ఎందుకు పెరగదు?
2. నైలాన్ తీగల రాకకు యుద్ధం ఏ విధంగా కారణమైంది?